సౌజన్యం ఎవరిది

గుండయ్య రంగులద్దే మనిషి. పోచంపల్లి పక్కన ఒక ఊళ్లో చిన్నప్పటి నుంచి నూలు చిలపలు రంగునీళ్లలో ముంచి తీశాడు. 2011 ఎండాకాలంలో ఆయన మూత్రంలో రక్తం పడింది. కొడుకు ఉపేందర్ ఆయన్ను హైదరాబాద్ తీసుకొచ్చి తన గదిలో ఉంచుకున్నాడు. ఊళ్లో మగ్గం వదిలి రావడానికి వీల్లేక తల్లి అంజమ్మ అక్కడే ఉండిపోయింది.

ఉపేందర్ దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో కెమిస్ట్రీ చెబుతాడు. కొత్తపేటలో ఒక ఇంటి పైగదిలో కిరాయికి ఉంటాడు. ఇల్లు సాంబమూర్తిది. ఆయనది తెనాలి వైపు. ఇక్కడే బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాడు. పెళ్లి చేసుకోని చెల్లెలు ఉదయలక్ష్మి ఆయన దగ్గరే ఉంటుంది. ఎల్‌బీ నగర్ దాటాక, విజయవాడ హైవే మీద ఉన్న ఒక ప్రైవేటు మెడికల్ కాలేజీలో ఆమె లైబ్రేరియన్.

దవాఖానలో డాక్టరు గుండయ్యను ఏం పని చేస్తావని అడిగాడు. చెప్పాడు.

"మీ వైపు అద్దకం వాళ్ల మీద ఎవరో పరిశోధన చేశారు," అన్నాడు డాక్టరు. "పేపర్ కూడా వచ్చినట్టు గుర్తు."

బయటికొచ్చాక ఉపేందర్ అడిగితే గుండయ్యకు గుర్తొచ్చింది.

"ఒచ్చిన్రు బిడ్డా. కార్ల ఒచ్చిన్రు. సీసాలిచ్చి ఒంటేలు పట్టియ్యమన్నరు. సంఘం కాడ అందరం లైను గట్టినం. మీయమ్మ జూసి నవ్వింది. రేషన్ దుకాణం కాడ గూడ గింత బుద్ధిగ ఎన్నడు నిలవడలేదని."

"మల్ల?"

"మల్లేంది. బిస్కిట్ పుడలిచ్చి పోయిన్రు."

"ఏం తేలిందో చెప్పలేదా?"

"చెప్పనీకి ఎవలొచ్చిన్రు?"

ఉపేందర్ ఇంటర్నెట్‌లో వెతికాడు. విదేశీ పత్రికలో వ్యాసం దొరికింది. సారాంశం ఒక్కటే తెరుచుకుంది. అద్దకంలో వాడే ఒక పొడికీ మూత్రసంచి జబ్బుకూ సంబంధం కనబడిందని అందులో ఉంది. ఏ పొడి అన్నది లోపలి పట్టికలో ఉంది. లోపలికి పోవాలంటే డబ్బు కట్టాలి. కట్టినా అది ఒక్కరు చదువుకోవడానికే, అచ్చు వేయడానికి, పంచడానికి వీల్లేదని కింద రాసి ఉంది.

అతను కిందికి దిగి ఉదయలక్ష్మిని అడిగాడు. ఆమె కాలేజీ ఆ పత్రికకు చందా కడుతుంది. మర్నాడు సాయంత్రం ఆమె వ్యాసం ప్రింటు తెచ్చి ఇచ్చింది. బయటివాళ్లకు ఇవ్వకూడదు. ఆ సంగతి ఆమెకు తెలుసు. జబ్బు మనిషి ఇంట్లో ఉన్నాడు కాబట్టి ఇచ్చింది.

కింద సాంబమూర్తి ముందుగదిలో కూర్చుని ఉపేందర్ తండ్రికి తెలుగులో చెప్పాడు. నల్ల డబ్బాలో వచ్చే పొడి. ఎరుపు గట్టిగా పట్టడానికి కలిపేది. గుండయ్య దాన్ని చేత్తోనే కలిపేవాడు.

"ఇది ఎప్పుడు రాసిన్రు?"

"నాలుగేండ్లాయె."

గుండయ్య కాగితాల వైపు చూశాడు.

"నాలుగేండ్ల కిందనే ఎరుకనా వాళ్లకు?"

వంటింట్లో సాంబమూర్తి కాఫీ కలుపుతున్న చప్పుడు ఆగింది.

"మా పేర్లున్నయా అండ్ల?"

"లేవండీ," అంది ఉదయలక్ష్మి. "పేర్లు రాయరు. మీ గుట్టు బయటపడకుండా. ఊరి పేరు కూడా లేదు. 'సి' అనే అక్షరం పెట్టారు."

"మరి ఆఖర్ల గివి ఎవల పేర్లు?"

"డబ్బిచ్చిన సంస్థకు, ల్యాబు వాళ్లకు కృతజ్ఞతలు చెప్పారు."

"సీసాలు నింపిచ్చింది మేము గదా తల్లీ," అన్నాడు గుండయ్య. కోపంగా అనలేదు.

ఆ ఆదివారం ఉపేందర్ ఊరికి వెళ్లి చేనేత సంఘంలో పొడి పేరు చెప్పాడు. రంగుల దుకాణం వాడు అక్కడే ఉన్నాడు. కోచింగ్ సార్ చెబితే దుకాణం బంద్ పెట్టాలా, ఏడ రాసుందో చూపియ్యి అన్నాడు. నీ దుకాణానికి పోటీగా ఇంకొకడు చెప్పిస్తున్నాడేమోనని ఇంకెవరో అన్నారు. కొందరు నవ్వారు. ఉపేందర్ తిరిగొచ్చి, వ్యాసం మొత్తం తెలుగులో అచ్చు వేస్తాననీ, పట్టికలు ఉన్నవి ఉన్నట్టు వెనక పెడతాననీ ఉదయలక్ష్మితో చెప్పాడు.

"పేరు చెప్పావు కదా. చాలదా?"

"చెప్పిన మేడం. నవ్విన్రు. అచ్చుల జూస్తెనే నమ్ముతరు."

"అచ్చు వేస్తే అది కాపీ చేయడమవుతుంది. ఆ పత్రికలు తెప్పించేటప్పుడు బయటికి పోనివ్వనని సంతకం పెట్టింది నేను. అది నా మాట."

"రైలాపుడు గూడ తప్పే. చట్టం ప్రకారం. అయినా తెలంగాణ కోసం ఆపుతున్నం. తప్పు ఎవలది మేడం? మావోళ్ల ఒంటేలు తీస్కపోయి, తాళమేసి, మాకే అమ్ముతున్నోళ్లది కాదా?"

"రైలాపినవాడు పట్టాల మీద కూర్చుంటాడు ఉపేందర్. అందరికీ కనబడతాడు. ఇక్కడ పట్టాల మీద కూర్చునేది నువ్వు కాదు. నేను."

"నా పేరేస్త. పుస్తకం మొత్తం నా పేరు మీదనే. పట్టుకపోతే నన్నే పట్టుకపోతరు. ఎక్కడిదని అడిగితే చెప్ప."

ఆమె వారం పాటు జవాబివ్వలేదు. ఆ వారంలో గుండయ్యకు మూత్రసంచిలో గడ్డ ఉందని తేలింది. మొదటే చూపించుకుని ఉంటే బాగుండేదని డాక్టరు అన్నాడు. ఆ మాట ఉపేందర్ ఆమెకు చెప్పలేదు. గుండయ్యే చెప్పాడు, మెట్ల మీద కూర్చుని, వేరే ఎవరి సంగతో చెబుతున్నట్టు.

ఉదయలక్ష్మి వ్యాసం ఫైలు పెన్‌డ్రైవ్‌లో పెట్టి ఇచ్చింది.

"నా పేరు, కాలేజీ పేరు ఎక్కడా రాకూడదు."

"రావు మేడం."

ఆ మాట ఇద్దరి మధ్యనే ఉంది. ఆమె అన్నయ్యకు చెప్పలేదు. అతను తండ్రికి చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం ఇద్దరికీ కనబడలేదు.

సెప్టెంబరులో సకల జనుల సమ్మె మొదలైంది. ఆఫీసులు మూతబడ్డాయి, బస్సులు ఆగాయి. కోచింగ్ సెంటర్లు సగం రోజులు తెరవలేదు. ఎల్‌బీ నగర్ చౌరస్తాలో దీక్షా శిబిరం వెలిసింది. ఉపేందర్ పగలు శిబిరంలో కూర్చునేవాడు. సాయంత్రాలు అనువాదం చేసేవాడు.

"ఏమయ్యా ఉపేందరూ," అనేవాడు సాంబమూర్తి గేటు దగ్గర. "మీ రాష్ట్రం వస్తే మమ్మల్ని విజయవాడ బస్సెక్కిస్తారటగా?"

"బస్సులు బందున్నయ్ సార్. ఇప్పుడైతే నడిచే పోవాలె."

"నా మోకాళ్లతో సూర్యాపేట చేరేసరికి మీకు రాష్ట్రం వచ్చి, పోయి, మళ్లీ వస్తుంది."

"పోదు సార్. ఒస్తే పోదు."

పుస్తకం దిల్‌సుఖ్‌నగర్‌లో దశరథ అనే అతని ప్రెస్సులో వేయడానికి ఇచ్చారు. పేరు 'అద్దకం పనోళ్లకు ఒక మాట'. అచ్చుకు పోవాల్సిన వారంలో రైల్‌రోకో జరిగింది. పోలీసులు ముందురోజే ఉపేందర్‌ను మరికొందరితో తీసుకెళ్లి పెద్ద అంబర్‌పేట్‌లో ఒక ఫంక్షన్ హాల్లో ఉంచారు. ఫోన్లు తీసుకున్నారు. దశరథ ఫోన్ చేస్తే పలకలేదు. గుండయ్య అప్పటికి నడవగలుగుతున్నాడు. షేర్ ఆటోలో ప్రెస్సుకు తానే వెళ్లాడు.

"అంతా అయింది పెద్దాయనా," అన్నాడు దశరథ. "వెనక అట్ట ఖాళీగ ఉంది. సౌజన్యం ఎవలది?"

ఆ ప్రశ్న దశరథ రోజూ అడిగేదే. క్యాలెండరైనా, వినాయక మండపం కరపత్రమైనా, చలివేంద్రం బ్యానరైనా కింద ఇచ్చినవాళ్ల పేరుంటుంది. గుండయ్య ఊళ్లో సంఘం గోడ మీద గడియారం ఇచ్చినవాడి పేరు గడియారం కంటే పెద్దగా ఉంటుంది. ఇచ్చినవాళ్ల పేరు వేయకుండా వాడుకుంటే దాన్ని దొంగతనమంటారు.

"ఉదయలక్ష్మమ్మ ఇచ్చింది," అన్నాడు గుండయ్య. "ఆమె పేరెయ్యి."

"ఒట్టి పేరేనా? ఏం చేస్తదో రాయాలె గదా."

గుండయ్య దశరథ ఫోన్ నుంచి సాంబమూర్తి ఇంటికి కలిపించాడు. సాంబమూర్తి ఎత్తాడు.

"సార్, ఉదయలక్ష్మమ్మ పూరా పేరేంది? అచ్చేయిస్తున్నం," అన్నాడు గుండయ్య.

"మా చెల్లెలిదా?" సాంబమూర్తి గొంతు సర్దుకున్నాడు. బతుకమ్మ పండుగ కరపత్రమో ఏదో అనుకున్నాడు. ఉద్యమం రోజుల్లో కాలనీలో ఆంధ్రా వాళ్ల పేరు వేస్తామని ఎవరైనా అనడం ఆయనకు నచ్చింది. "రాయించండి. ఎం.ఏ., ఎం.ఎల్.ఐ.ఎస్‌సి. చీఫ్ లైబ్రేరియన్. చీఫ్ మర్చిపోవద్దు." కాలేజీ పేరు కూడా చెప్పాడు. ఊరి పేరుతో సహా.

ఉపేందర్ విడుదలై వచ్చేసరికి పుస్తకాలు ఊళ్లకు చేరాయి. శిబిరంలో పంచారు. ఒక దినపత్రిక జిల్లా పేజీలో అట్ట బొమ్మ వేసింది. అతను ఒక ప్రతి తీసుకుని వెనక్కి తిప్పాడు. అక్కణ్నుంచి నేరుగా ఉదయలక్ష్మి దగ్గరికి వచ్చాడు. ఆమె బియ్యంలో రాళ్లు ఏరుతోంది.

ఆమె వెనక అట్ట చదివింది.

"నేను చీఫ్‌ని కాదు," అంది. "చీఫ్ అనే పోస్టే లేదు మా కాలేజీలో."

"మేడం..."

"ఎవరు వేయించారు?"

"నాయిన."

ఆమె పుస్తకాన్ని పళ్లెం పక్కన పెట్టింది. "తిట్టావా?"

"ఇంక పైకి పోలేదు."

"తిట్టకు. అసలు చెప్పకు. ఆయన మర్యాద చేశాడు."

గోడకు ఆనుకుని నిలబడ్డ సాంబమూర్తి కళ్లజోడు తీసి తుడుచుకుంటున్నాడు. ఆ ఫోన్ సంగతి అప్పుడూ ఆ తర్వాతా ఎత్తలేదు.

రంగుల దుకాణాల వాళ్లకు ఒక లాయరున్నాడు. పుస్తకం వల్ల వ్యాపారం పోయిందని కాలేజీకి నోటీసు పంపాడు. దాని ప్రతి ఆ విదేశీ పత్రిక యజమానులకూ చేరింది. వాళ్లు కాలేజీని వివరణ అడిగారు. డీన్ శ్రీరామమూర్తి ఉదయలక్ష్మిని పిలిపించాడు. ఆయనదీ ఆమెదీ ఒకే జిల్లా. కుర్చీ చూపించాడు.

"మంచిపనేనమ్మా. నాకు తెలుసు. కానీ పత్రికలన్నీ ఆపేస్తామంటున్నారు. పీజీ పిల్లల థీసిస్‌లు ఆగిపోతాయి. వాళ్లూ పిల్లలే కదా."

"అవును సార్."

"ఒక దారుంది. ఫైలు మీరివ్వలేదు. మీ ఇంట్లో కిరాయికుండేవాడు మీకు తెలియకుండా మీ కంప్యూటర్లోంచి తీసుకున్నాడు. అంతే రాయండి. మిగతాది మేం చూసుకుంటాం."

"మిగతాది అంటే?"

"పోలీసు కంప్లయింటు."

"అతని మీద ఇప్పటికే ఉద్యమం కేసులున్నాయి."

"అందుకే తొందరగా నమ్ముతారు," అన్నాడు డీన్. "లేకపోతే నేను మిమ్మల్ని ఉంచలేను. పొద్దున్నే కాగితం తీసుకురండి."

ఆ సాయంత్రం ముందుగదిలో ముగ్గురూ కూర్చున్నారు. గుండయ్య పైన నిద్రపోతున్నాడు.

"రాసెయ్," అన్నాడు సాంబమూర్తి. "పెన్షన్ లేని ఉద్యోగం. ఈ వయసులో ఎవరిస్తారు నీకు?"

"రాయుండ్రి మేడం," అన్నాడు ఉపేందర్. "నేను తయారున్న. మొదలే చెప్పిన గదా, పట్టుకపోతే నన్నే పట్టుకపోవాలె."

"చూశావా? అతనే అంటున్నాడు. జైలుకెళ్లొస్తే వీళ్లకు టికెట్ కూడా ఇస్తారు."

"టికెట్ మీకిస్త సార్. మీరే నిలవడుండ్రి."

సాంబమూర్తి నవ్వబోయి మానేశాడు.

"నువ్వు తీసుకున్నావా ఉపేందర్, నేనిచ్చానా?" అంది ఉదయలక్ష్మి.

"మీరిచ్చిన్రు. కానీ అడిగింది నేను."

"అడగడం తప్పని ఎక్కడా లేదు. ఇవ్వకూడదని ఉంది. ఆ రూలు తెలిసి ఇచ్చాను. ఇప్పుడు నువ్వు దొంగిలించావని రాస్తే, ఒక మాట తప్పినదాన్ని రెండో మాట కూడా తప్పుతాను."

"మరి నాది కాదా గీ పని? నేనేం చేయాలె?" అతని గొంతు పెరిగింది. "మీరు నౌకరి పోగొట్టుకుంటరు. నేను పైన గదిల పండుకుంటనా? గిట్ల కాదు మేడం. దీన్ని పోరాటమనరు."

"ఏమంటారో నాకు తెలియదు. మెల్లగా మాట్లాడు, ఆయన లేస్తారు."

మర్నాడు ఆమె కాగితం ఇచ్చింది. ఫైలు తానే ఇచ్చాననీ, ఇవ్వకూడదని తెలుసనీ, పరిశోధనకు మూత్రం ఇచ్చిన మనుషులు దాన్ని చదవాలనుకున్నారు కాబట్టి ఇచ్చాననీ రాసింది. క్షమించమని రాయలేదు. డీన్ చదివి, చివరి వాక్యం తీసేస్తే పత్రికవాళ్లకు పంపించడం తేలికవుతుందన్నాడు. ఆమె తీయలేదు. ఆమెను ఉద్యోగం నుంచి తీసేశారు.

ఉపేందర్ ఆమెకు చెప్పకుండా కాలేజీకి వెళ్లి, ఇదంతా నా వల్లనే జరిగింది, నా మీద కేసు పెట్టండని డీన్‌కు చెప్పాడు. డీన్ ఆమె కాగితం చూపించాడు. "మాకు ఇది చాలు బాబూ. నీ స్టేట్‌మెంటుతో మాకు పని లేదు," అన్నాడు. ఉపేందర్ చాలాసేపు వరండాలో నిలబడి వచ్చేశాడు.

ఊళ్లో కొందరు ఆ పొడి మానేశారు. కొందరు చేతులకు తొడుగులు వేసుకున్నారు. తడిస్తే నూలు జారుతోందని తర్వాత తీసేశారు. దుకాణంలో నల్ల డబ్బా మీద చీటీ మారింది, పొడి మారలేదు.

ఉదయలక్ష్మి పగలు ఇంట్లో కనబడుతోంటే గుండయ్య అడిగాడు. "పనికి పోతలేవా తల్లీ?"

"సమ్మె కదండీ," అన్నాడు సాంబమూర్తి ముందుగానే. "మా చెల్లెలు కూడా మీ తెలంగాణలో చేరింది."

గుండయ్యకు సంతోషమైంది. కింద కాలనీలో కనబడ్డవాళ్లకు చెప్పాడు, ఆంధ్రా అమ్మ సమ్మెలో ఉందని. అక్టోబరు చివర సమ్మె ముగిసింది. ఆ సోమవారం నుంచి ఆమె పొద్దున్నే కాలేజీకి పోతున్నట్టు క్యారియర్ పట్టుకుని బయల్దేరేది. కర్మన్‌ఘాట్ గుడి మండపంలో కూర్చునేది. ఎండ పడితే పక్కకు జరిగేది. సాయంత్రం తిరిగొచ్చేది.

దీపావళి దాటాక దవాఖాన వాళ్లు ఇక ఇంటికి తీసుకుపొమ్మన్నారు. ఊళ్లోనే ప్రాణం పోవాలని గుండయ్య కోరాడు. ఉపేందర్ కారు మాట్లాడాడు. వెనక సీట్లో దుప్పటి పరిచి ఆయన్ను పడుకోబెడుతుంటే ఉదయలక్ష్మి క్యారియర్‌తో బయటికొచ్చింది.

"నువ్వు గూడ ఎక్కు తల్లీ," అన్నాడు గుండయ్య. "నీ కాలేజీ మా తొవ్వలనే గదా. గేటు కాడ దింపి పోతం."

ఉపేందర్ ఆమె వైపు చూశాడు. "మేడంకు ఇయాల..."

"వస్తాను," అందామె. డ్రైవరు పక్కన ఉపేందర్, వెనక ఆమె. గుండయ్య తల ఆమె వైపు ఉంది. ఎల్‌బీ నగర్ చౌరస్తాలో శిబిరం గుడారం ఇంకా తీయలేదు. దాన్ని చూడాలని లేవబోయాడు కానీ చేతకాలేదు.

"నీ పుస్తకం మా ఊళ్లె ఇంటింటికున్నది," అన్నాడు. "నేను బోయినంక గూడ నీ పేరుంటది."

"మాట్లాడకండి. ఆయాసం వస్తుంది."

కాలేజీ గేటు దగ్గర కారు ఆగింది. ఉపేందర్ దిగి తలుపు తీశాడు. ఏదో అనబోయాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. గుండయ్య కిటికీలోంచి బిల్డింగు వైపు చూసి రెండు చేతులూ జోడించాడు.

"పో తల్లీ. పిల్లలు ఎదురుజూస్తుంటరు."

"మీరు బయల్దేరండి."

"నువ్వు లోపటికి పోయినంక పోతం. ఆగు డ్రైవరూ."

ఆమె గేటు వైపు నడిచింది. వాచ్‌మన్ జంగయ్య లేచి నిలబడ్డాడు. అలవాటుగా సలాం చేయబోయి చెయ్యి దించాడు. ఆమెను లోపలికి రానివ్వొద్దని అతనికి చెప్పి ఉన్నారు. వెనక కారు ఇంజను నడుస్తూనే ఉంది.

"జంగయ్యా, ఆ కారు పోయేదాకా లోపల నిలబడతాను."

అతను కారును, అందులో జోడించిన చేతులను చూశాడు. చిన్న తలుపు గడియ తీశాడు. ఆమె లోపలికి వచ్చి అతని కుర్చీ పక్కన గోడకు ఆనుకుని నిలబడింది.

"ఎవలన్న అడిగితే ఏం చెప్పాలె మేడం?"

"నేనొచ్చానని చెప్పు. నువ్వు ఆపినా వచ్చానని చెప్పొద్దు. నేనడిగాను, నువ్వు తీశావు."

"నా నౌకరి పోతది మేడం."

ఆమె అతని ముఖం చూసింది. "అయితే నేను తోసుకొచ్చానని చెప్పు," అంది.

కారు కదిలిన చప్పుడు వినబడింది. జంగయ్య మెడ చాచి చూసి, పోయిందన్నాడు. ఆమె బయటికి వచ్చింది. హైవే దాటడానికి చాలాసేపు పట్టింది. అవతలి వైపు ఎల్‌బీ నగర్ పోయే బస్సుల స్టాపులో నీడ లేదు. మొదట వచ్చిన బస్సు నిండుగా ఉండి ఆగలేదు.